పార్కు స్థలాన్ని సేవా సంస్థకు లీజుకు ఇవ్వొచ్చా? ముందు పాత కాగితం చూడండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. కౌన్సెలింగ్, పగటిపూట పిల్లల సంరక్షణ, ఇంట్లో హింస పడుతున్న ఆడవాళ్లకు న్యాయ సహాయం, ఇవన్నీ ఒకే కప్పు కింద దొరికే కుటుంబ సేవా కేంద్రం కట్టాలని మీ సంస్థ ఆలోచన. పార్కులో "వాడకంలో లేని" ఒక మూల, అర ఎకరం స్థలాన్ని నామమాత్రపు అద్దెకు 30 ఏళ్ల లీజుకిస్తామని మున్సిపాలిటీ అంది. ఇంతలో రోజూ పార్కుకు వచ్చేవాళ్లు సంతకాలు సేకరించడం మొదలుపెట్టారు. లాభం చూసుకోని సంస్థ చేసే ఇంత మంచి పనికి అడ్డుపడేవాళ్లకు ఏం జవాబు చెప్పాలని అడిగారు.

జవాబు సంగతి తర్వాత. ముందు వాళ్లు ఏమడుగుతున్నారో వినండి. ఇలాంటి లీజు ఫైళ్ల మధ్య నేను చాలా ఏళ్లు గడిపాను. మొదట స్థలం ఇచ్చే ఆఫీసులో, తర్వాత స్థలం అడిగే సంస్థల పక్కన. రెండు చోట్లా నాకు కనిపించిన పొరపాటు ఒకటే: సేవ గొప్పదైతే స్థలం దానంతటదే దొరుకుతుందనుకోవడం. పార్కు విషయంలో అలా కుదరదు. ఆ నేలను పార్కుగానే ఉంచుతామని ఒకప్పుడు ఎవరో జనానికి మాటిచ్చారు. ఆ మాట ఏ కాగితంలో ఉంది? దాన్ని మార్చే అధికారం ఎవరికుంది? మారిస్తే జనానికి బదులుగా ఏమిస్తారు? ఈ మూడూ తేలకుండా పునాది తవ్వితే మీ డబ్బూ, దాతల డబ్బూ వకీళ్ల ఫీజులకే సరిపోతుంది.

బెంగళూరులో జరిగింది మీకు బాగా దగ్గరి ఉదాహరణ. రాజమహల్ విలాస్ ఎక్స్‌టెన్షన్‌లో పార్కు కోసం వదిలిన స్థలాన్ని ఆసుపత్రి కట్టుకోమని ఒక మెడికల్ ట్రస్టుకు కేటాయించారు. ఆసుపత్రి వద్దనేవాళ్లు ఎవరుంటారు? అయినా అక్కడ నివసించేవాళ్లు కోర్టుకెళ్లారు. 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదంది. ప్రైవేటు ఆసుపత్రి ఎంత అవసరమైనదైనా పార్కుకు బదులు కాదంది. పార్కు పోతే నష్టపోయేది చుట్టుపక్కల జనమే కనుక అడిగే హక్కు వాళ్లకుందనీ ఒప్పుకుంది. మీ దగ్గర సంతకాలు పెడుతున్నవాళ్లను "వీళ్లకేం సంబంధం" అని మాత్రం అనకండి. వాళ్లకున్న సంబంధం ఏమిటో ఆ తీర్పు 30 ఏళ్ల కిందటే చెప్పింది.

"అది ప్రైవేటు ఆసుపత్రి, మేము ఉచితంగా చేస్తున్నాం" అంటారేమో. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం, వెస్ట్‌ఫీల్డ్ నగరం సంగతి చూడండి. అక్కడ ఒక ఆటస్థలంలో నగరమే స్వయంగా ప్రాథమిక పాఠశాల కట్టాలనుకుంది. పిల్లల ఆటస్థలంలో పిల్లల బడి, అదీ ప్రభుత్వ బడి. కానీ ఆ మైదానం బాగు కోసం 1979లో నగరం కేంద్ర గ్రాంటు తీసుకుంది. ఆ గ్రాంటుతో ఒక షరతు వచ్చింది: ఈ నేల ఆటవిడుపుకే ఉంటుంది. 2017లో ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం ఈ మైదానానికి రాజ్యాంగ రక్షణ ఉందని చెప్పింది. వేరే పనికి వాడాలంటే శాసనసభ రెండు సభల్లోనూ మూడింట రెండొంతుల ఓట్లు కావాలి. నగర పాలకుల ఉద్దేశం మంచిదే. దాదాపు 40 ఏళ్ల కిందట తీసుకున్న డబ్బు తాలూకు మాట అడ్డొచ్చింది.

"కట్టాక చుట్టూ మళ్లీ పచ్చదనం పెంచుతాం" అన్న హామీ కూడా మీ ప్రతిపాదనలో ఉంది. మంచిదే, కానీ దాని మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి. న్యూయార్క్‌లో వాన్ కోర్ట్‌లాండ్ పార్కు నేల కింద నీటి శుద్ధి ప్లాంటు కట్టి, పైన పార్కును మళ్లీ యథాతథంగా తెస్తామన్నారు. ఊరందరికీ మంచినీళ్లిచ్చే పని అది. అయినా రాష్ట్ర శాసనసభ అనుమతి లేకుండా కుదరదని 2001లో అక్కడి పై కోర్టు తేల్చింది.

మిమ్మల్ని భయపెట్టడానికి ఇవన్నీ చెప్పడం లేదు. పార్కులో కట్టినవి నిలబడ్డ సందర్భాలూ ఉన్నాయి. షికాగోలో రెండు మ్యూజియంల కథ పక్కపక్కన పెట్టి చూడండి. సరస్సు ఒడ్డున సినీ దర్శకుడు జార్జ్ లూకస్ మ్యూజియానికి 99 ఏళ్ల లీజు తలపెట్టారు. పార్కుల కోసం పనిచేసే ఒక సంస్థ 2014లో కేసు వేసింది. ఆ స్థలం ఒకప్పుడు సరస్సు అడుగు నేల, పూడ్చి చేసినది. అలాంటి నేల జనానిదేనన్న వాదనతో వేసిన ఆ కేసును కొట్టేయడానికి జడ్జి ఒప్పుకోలేదు. 2016లో మ్యూజియం వాళ్లే విసిగి వేరే నగరానికి వెళ్లిపోయారు. అదే నగరంలో జాక్సన్ పార్కులో మాజీ అధ్యక్షుడు ఒబామా పేరిట కట్టే మ్యూజియం కేంద్రానికి దాదాపు 19 ఎకరాలు, అదీ 99 ఏళ్లకే ఇచ్చారు. దాని మీదా కేసు పడింది. అక్కడ రాష్ట్ర చట్టం ముందే దారి ఇచ్చి ఉంది, నేల యాజమాన్యం నగరం దగ్గరే ఉంది, ఆ స్థలం సరస్సులోంచి వచ్చింది కాదు. 2019లో కింది కోర్టు కేసు కొట్టేసింది, 2020లో అప్పీలు కోర్టు కూడా నిర్మాణాన్ని ఆపలేదు. ఊరు ఒకటే, గడువు ఒకటే. నేల చరిత్ర వేరు, అనుమతి ఇచ్చిన చేయి వేరు.

అందుకే కాగితం అంటున్నాను. మీరు చూడాల్సింది ఈనాటి కౌన్సిల్ తీర్మానం ఒక్కటే కాదు. ఆ స్థలం పార్కు ఎలా అయిందో చెప్పే మొదటి కాగితం కావాలి. లేఅవుట్ ఆమోదించినప్పుడు వదిలించిన ఖాళీ జాగానా? ఎవరైనా దానమిచ్చారా? భూసేకరణలో వచ్చిందా? పార్కు గోడకో, ఆట వస్తువులకో ఏదైనా గ్రాంటు వచ్చిందా? ఒక్కో దారిలో వచ్చిన నేలకు ఒక్కో రకం కట్టుబాటు ఉంటుంది.

నేను దగ్గరుండి చూసిన ఒక సంగతి చెప్తాను. ఎదుగుదల సమస్యలున్న పిల్లల కోసం ఒక సంస్థ పార్కు పక్క భాగంలో శిక్షణ కేంద్రం కట్టబోయింది. తీర్మానం అయింది, నక్షా అయింది, కర్ర మేకులు కొట్టి సున్నంతో గీతలు కూడా వేశారు. ఆ వారంలో ఒక నడివయసు మనిషి చేతిసంచీతో ఆఫీసుకొచ్చాడు. సంచీలోంచి ప్లాస్టిక్ కవరు, అందులోంచి నాలుగు మడతల కాగితం తీశాడు. మడతల దగ్గర చిరిగి, వెనక బట్ట అంటించి ఉంది. వాళ్ల తాత రాసిచ్చిన దానపత్రం. పార్కుకు తప్ప ఇంకో పనికి వాడితే స్థలం తిరిగి తన వారసులకు చెందాలని చివరి పేరాలో ఒక్క వాక్యం. అసలు ప్రతి మా రికార్డు రూమ్‌లోనే ఉంది, కట్ట విప్పి చూసినవాళ్లు లేరు. ఆ ఫైలు మీద నోట్ రాసినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆయన మంచివాడే, పిల్లల కేంద్రానికి తనకు అభ్యంతరం లేదన్నాడు. కానీ వారసులు పదకొండు మంది. రెండేళ్ల పని అక్కడితో ఆగిపోయింది. ఆ సంస్థ నడిపే అమ్మ ఆ రోజు మా బల్ల ముందు కూర్చుని ఒక్క మాటా అనకుండా లేచి వెళ్లిపోయింది. అది తలచుకుంటే నాకిప్పటికీ బాధేస్తుంది.

ఇంగ్లండ్‌లో ష్రూస్‌బరీ పట్టణంలో ఇలాంటి అజాగ్రత్తే ఇంకా దూరం పోయింది. అక్కడి చట్టం ప్రకారం బహిరంగ స్థలాన్ని ఎవరికైనా ఇవ్వాలంటే స్థానిక పత్రికలో వరసగా రెండు వారాలు ప్రకటన వేయాలి, వచ్చిన అభ్యంతరాలు పరిశీలించాలి. ఒక విహార స్థలంలో కొంత భాగాన్ని ఆ ప్రకటన లేకుండానే కౌన్సిల్ 2017లో అమ్మేసింది. ఆ నేల మీద జనానికి హక్కుందని కౌన్సిల్‌కే తెలియదు. కొన్నవాళ్లకు 15 ఇళ్లు కట్టుకోవడానికి అనుమతి కూడా వచ్చింది. 2023లో బ్రిటన్ సుప్రీంకోర్టు ఆ అనుమతిని రద్దు చేసింది. ప్రకటన వేయనందువల్ల జనం హక్కు పోలేదని, అమ్మకం తర్వాత కూడా ఆ నేలను అంటిపెట్టుకునే ఉందని చెప్పింది. కాబట్టి మున్సిపాలిటీ వాళ్లు "అవన్నీ మేం చూసుకుంటాం" అంటే అక్కడితో వదిలేయకండి. వాళ్లు వదిలేసిన మెట్టు మీ మెడకే చుట్టుకుంటుంది.

ఇంకో మెట్టు, మిమ్మల్నే ఎందుకు ఎంచుకున్నారన్నది. మీరు అడిగారు, వాళ్లు ఇచ్చారు అంటే చాలదు. భోపాల్‌లో 20 ఎకరాల ప్రభుత్వ భూమిని ఒక ట్రస్టుకు ఏ ప్రకటనా లేకుండా కేటాయిస్తే 2011లో సుప్రీంకోర్టు రద్దు చేసింది. ప్రజల ఆస్తి ఇచ్చేటప్పుడు అర్హత ఉన్న మిగతావాళ్లకూ తెలియాలి, ఎంపిక ఏ కొలమానంతో జరిగిందో కనిపించాలి అన్నది అందులోని సారం. మీ సంస్థకు పోటీ ఎవరూ లేకపోవచ్చు. అయినా ప్రకటన వేయమని మీరే రాతపూర్వకంగా అడగండి. ఆ ఉత్తరం తర్వాత మీకు చాలా పనికొస్తుంది.

ఇప్పుడు "వాడకంలో లేని మూల" గురించి. ఈ మాట నేను చాలా ఫైళ్లలో చదివాను, కొన్నింట్లో నేనే రాశాను. మీరొక పని చేయండి. మూడు రోజులు, వేర్వేరు వేళల్లో ఆ మూలకు ఎదురుగా బెంచీ మీద కూర్చోండి. ఒకసారి నేనలా కూర్చున్నప్పుడు మధ్యాహ్నం రెండింటికి ఇద్దరు డెలివరీ కుర్రాళ్లు బండ్లు ఆపి చెట్టు కింద చెప్పులు తలకింద పెట్టుకుని పడుకున్నారు. కాసేపటికి ఒక బాలింత గోడవైపు తిరిగి కూర్చుని బిడ్డకు పాలిచ్చింది. సాయంత్రం చెవిటి, మూగ పిల్లలు నలుగురు అక్కడే చేరి సైగలతో గంటసేపు మాట్లాడుకున్నారు. మిగతా పార్కంతా ఆటలతో, నడకతో నిండిపోతుంది కాబట్టి నిమ్మళం కావాల్సిన వాళ్లంతా ఆ మూలకే వస్తున్నారు. మా ఫైల్లో మాత్రం దాని పేరు ఖాళీ స్థలం. మీరు సేవ చేయాలనుకుంటున్న మనుషుల్లో కొందరు ఇప్పటికే అక్కడున్నారు. వాళ్లు సంతకాల కాగితం మీద కనిపించరు, మీ సర్వేలోనూ కనిపించరు.

ఇంత చెప్పాక నా అభిప్రాయం కూడా చెప్పాలి. కుటుంబ సేవా కేంద్రానికి పార్కు పక్కన ఉండటం చాలా మంచిదని నేను నమ్ముతాను. తల్లి లోపల తన కష్టం చెప్పుకుంటుంటే పిల్లవాడు కిటికీలోంచి కనిపించేంత దూరంలో ఊయల ఊగుతుంటాడు. వాడి ముందు చెప్పలేని మాటలు అప్పుడు బయటికొస్తాయి. ఏ ఆఫీసు భవనం మూడో అంతస్తులోనూ ఆ సౌకర్యం దొరకదు. అందుకే పార్కు వదిలేయమనను. పచ్చిక మీద చేయి వేయకుండా పార్కులో చోటు సంపాదించండి అంటాను.

చాలా పార్కుల్లో ఇప్పటికే కట్టిన గదులుంటాయి. మూతపడ్డ రీడింగ్ రూమ్, పాత పంప్ హౌస్, వాచ్‌మన్ క్వార్టర్, చెత్త సామాను నింపిన హాలు. వాటిని బాగు చేసుకుని వాడుకోవడానికి అడగండి. అక్కడ నేల తగ్గదు, పాడుబడ్డది బాగవుతుంది, నడకకు వచ్చేవాళ్లు కూడా చాలాసార్లు మీ వైపే నిలబడతారు. ఆ గదిని దేనికి కట్టారో, వాడకం మార్చడానికి ఎవరి అనుమతి కావాలో మాత్రం అక్కడా చూసుకోవాలి. అర ఎకరంలో మీరు అనుకున్నవన్నీ అందులో పట్టవు, నిజమే. కౌన్సెలింగ్, పిల్లల గది అక్కడ పెట్టి, న్యాయ సహాయం, ఆఫీసు పని దగ్గర్లో అద్దెకు తీసుకోండి. నా అనుభవంలో ఇలా విడగొట్టుకున్నవాళ్లు రెండు మూడు నెలల్లో పని మొదలుపెట్టారు. కొత్త భవనమే కావాలన్నవాళ్లు ఇంకా ఫైళ్లు తిప్పుతున్నారు.

అలా కుదరక కొత్త స్థలమే తీసుకోవాల్సి వస్తే, బదులు స్థలం లేకుండా తీసుకోకండి. అమెరికాలో 1965 నాటి ఒక కేంద్ర చట్టం కింద గ్రాంటు పొందిన పార్కు నేలను వేరే పనికి మార్చాలంటే కనీసం అంతే విలువ, దాదాపు అంతే ఉపయోగం ఉన్న స్థలం ఇవ్వాలి. మీ దగ్గర అలాంటి చట్టం లేకపోయినా ఆ కొలత న్యాయమైనది. విలువ అంటే మార్కెట్ ధర ఒక్కటే చూడకండి. ముసలివాళ్లు నడిచి వెళ్లగలిగే దూరంలో ఉందా, నీడ ఉందా అన్నదీ చూడండి. విస్తీర్ణం లెక్కలో కూడా జాగ్రత్త. భవనం కొలత మాత్రమే చూపిస్తారు అందరూ. వాహనాలు నిలిపే చోటు, జనరేటర్, నీళ్ల ట్యాంకు, వెనక ప్రహరీ, సామాను బండి వచ్చే దారి కలిపితే పార్కు పోగొట్టుకునేది చాలాసార్లు రెట్టింపు అవుతుంది. ఆ లెక్క మీరే ముందు బయటపెట్టండి. ఇంకొకరు పట్టుకుని చూపిస్తే మీరు చెప్పే మిగతా నిజాలు కూడా ఎవరూ నమ్మరు.

ఒప్పందం దగ్గరికొద్దాం. "లీజు అంటే గొడవ, లైసెన్సు, అంటే వాడుకోవడానికి అనుమతి మాత్రమే, అని రాసుకుందాం" అని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. పేరు మార్చినంత మాత్రాన ఫలితం మారదు. కాగితం మీద ఏమని ఉందో కాక అసలు ఇచ్చిన హక్కు ఏమిటో చూడాలని 1959లోనే మన సుప్రీంకోర్టు ఒక హోటల్ కేసులో చెప్పింది. తాళంచెవి మీదే, రానిచ్చేదీ పొమ్మనేదీ మీరే అయితే అది దాదాపుగా లీజే. ఏడాది దాటిన లీజును మన దేశంలో రిజిస్టర్ చేయించి తీరాలి.

గడువు విషయంలో దాతలు 30 ఏళ్లు అడుగుతారు, తాము పెట్టిన డబ్బుకు భద్రత కావాలి కనుక. జనానికి 30 ఏళ్లంటే శాశ్వతంగా పోయినట్టే. నేనైతే 10 నుంచి 15 ఏళ్లు పెట్టుకుని, పొడిగింపును మీ పనితీరుకు ముడిపెట్టమంటాను: ఏటా ఎంతమందికి సేవ అందింది, ఎన్ని గంటలు తెరిచారు, లెక్కలు ఆడిట్ అయ్యాయా. నామమాత్రపు అద్దె తప్పు కాదు. కానీ మార్కెట్ అద్దె ఎంతో తీర్మానంలో రాయించండి, అందులో ఎంత వదులుకుంటున్నారో, బదులుగా ఏం పొందుతున్నారో కూడా రాయించండి. ఆ వాక్యం లేకపోతే రేపు కొత్త పాలకవర్గం వచ్చి అప్పనంగా ఇచ్చారంటుంది.

ఒక్క విషయంలో మాత్రం అస్సలు మెత్తబడకండి, అది మీ సంస్థ మూతపడితే ఏమవుతుందన్నది. సంస్థలు మూతపడతాయి. వ్యవస్థాపకులు వృద్ధులవుతారు, గ్రాంట్లు ఆగిపోతాయి. మూతపడ్డ మర్నాడు భవనం ఎవరిది? సేవ ఆగి ఆరు నెలలు దాటితే స్థలం, కట్టడం రెండూ పరిహారం లేకుండా మున్సిపాలిటీకి, అదీ పార్కు ఉపయోగానికే, తిరిగి చేరాలని రాయించండి. ఉప లీజు ఉండకూడదు. ఆ హక్కును బ్యాంకులో కుదువ పెట్టకూడదు. హాలును పెళ్లిళ్లకు అద్దెకివ్వకూడదు. ఇవన్నీ మీ మీద అనుమానంతో పెట్టేవి కావు, మీ తర్వాత వచ్చే కమిటీని మీరు ఇవాళ చూడలేరు కదా.

కేంద్రానికి వచ్చే ఆడవాళ్ల కోణం నుంచి కూడా ఒక మాట. పార్కులో అందరూ అందరికీ తెలుసు. గేటు పక్కనే పెద్ద బోర్డు పెట్టి లోపల గృహహింస విభాగం నడిపితే, రావాల్సిన మనిషి రాదు. భర్త చెల్లెలు అక్కడే నడకకు వస్తుంది. పిల్లల ఆటలు, తల్లుల తరగతులు, ఆరోగ్య సలహా అన్నీ ఒకే గుమ్మం గుండా నడిచేలా చూడండి. ఎవరు దేనికి వచ్చారో బయటివాళ్లకు తెలియకూడదు. రాత్రి ఆపదలో వచ్చే కేసులు పార్కు చోటులో పెట్టకండి. చీకటి పడ్డాక గేటు మూసేస్తారు, తాళం కోసం వాచ్‌మన్‌ను వెతుక్కునే పరిస్థితి ఆ మనిషికి రాకూడదు.

సంతకాలు సేకరిస్తున్నవాళ్లతో మీటింగు పెట్టండి, కానీ మైకూ వేదికా పెట్టకండి. వాళ్లనే ఆ మూలకు తీసుకెళ్లి, మీరు అనుకున్న కొలత ప్రకారం నాలుగు మూలలా తాడు కట్టి చూపించండి. కాగితం మీద గీత ఎవరికీ అర్థం కాదు, తాడు అర్థమవుతుంది. కొట్టాల్సిన చెట్లుంటే వాటికి రిబ్బను కట్టండి. ఆ తాడు మధ్య నిలబడి మీకే "ఇంత పోతుందా" అనిపిస్తే, ప్లాన్ తగ్గించుకోండి.

ఈ వారం చేయాల్సింది: లేఅవుట్ నక్షా నకలు, స్థలం మున్సిపాలిటీకి వచ్చిన పత్రం, పార్కుకు అందిన గ్రాంట్ల వివరాలు సమాచార హక్కు కింద అడగండి. అవి చేతికొచ్చేదాకా భవనం పేరుతో ఎవరి దగ్గరా విరాళం తీసుకోకండి, శంకుస్థాపన తేదీ ఎవరికీ చెప్పకండి. దరఖాస్తు పెట్టడానికి వెళ్లినప్పుడు ఆ పార్కులో మూతపడ్డ గదులు ఎన్ని ఉన్నాయో కూడా చూసి, టేపుతో కొలిచి రాసుకోండి. పత్రాలు దొరికాక వాటిలో ఏముందో, ఆ గదుల కొలతలతో సహా ఇక్కడ పెట్టండి. ఎవరి అనుమతి కావాలో, ఎంత మేరకు ఆ గదుల్లో సర్దుకోవచ్చో అప్పుడు చెప్పగలను.